చారలు చెరిగే దూరం

“ఇంకాస్త వెనక్కి జరుపుతున్నాను ముత్యాలుగారూ. కన్ను తియ్యకండి. చారలు ఉన్నాయా?”

“ఉండాయి సార్. పలచబడినాయి.”

“మీకు, సుంకులమ్మగారూ?”

“దానికి కనపడేదే గదా నాకూ కనపడేది. మళ్లా నన్ను వేరేగా అడుగుతావేంది సార్?”

గుండ్లకొండ మీది నక్షత్రశాల డాబాపైన, చిన్న పట్టాల మీద నడిచే రెండు పీటలపై అక్కాచెల్లెళ్లిద్దరూ కూర్చుని ఉన్నారు. చెరొక టెలిస్కోపుకు ఎడమ కన్ను ఆనించారు. అప్పుడే పొద్దు కుంకింది. తూర్పున ఆరుద్ర నక్షత్రం ఎర్రగా లేచి ఉంది. డాక్టర్ నరహరి చెల్లెలి పీటను అక్క పీట నుంచి నెమ్మదిగా దూరం తోస్తున్నాడు.

ఆ ఇద్దరి ఎడమ కళ్లలో ఉన్నది ఒకే పొర. సుంకులమ్మ కంటి లోపలి నుంచి ఆవగింజంత ముక్క తీసి, గాజు గిన్నెలో పెంచి, రెండుగా కోశారు. ఒక సగం ఆమెకే తిరిగి పెట్టారు. రెండో సగం ముత్యాలమ్మకు పెట్టారు. కోసినా ఆ పొరకు తాను రెండయినట్టు తెలియదు. ఒక సగం మీద పడిన వెలుగు అదే క్షణంలో రెండో సగం మీదా పడుతుంది. మధ్యలో తీగ లేదు. మామూలుగా అది ఇద్దరికీ తెలియనంత పలచగా ఉంటుంది. ఇద్దరూ ఒకే నక్షత్రాన్ని చూసినప్పుడు ఆ రెండు వెలుగులూ కలిసి దాని మీద నల్లటి చారలు గీస్తాయి. దూరం జరిగేకొద్దీ చారలు సన్నబడి, పలచబడతాయి. నక్షత్రం ఒట్టి చుక్కే అయితే ఎంత దూరం జరిగినా అవి పోవు. దానికి వెడల్పంటూ ఉంటే, ఈ అంచు వెలుగు గీసిన చారల్ని ఆ అంచు వెలుగు తుడిచేస్తుంది. అవి పూర్తిగా చెరిగిపోయిన దూరమే నక్షత్రం వెడల్పు ఎంతో చెబుతుంది.

“పోయినాయి!” ఇద్దరూ ఒకేసారి అరిచారు.

నరహరి పీటల మధ్య దూరం కొలిచాడు. రెండు నులకమంచాలు పొడుగ్గా వేస్తే ఎంతో, దాదాపు అంత. పూర్వం పెద్ద పెద్ద అద్దాలతో ఆరుద్రను కొలిచినవాళ్లకూ ఇంచుమించు అంతే వచ్చింది. ఆయన పట్టాల మీదే చతికిలబడి, కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

“ఏడుస్తాండాడా?” అని అక్క చెవిలో అడిగింది ముత్యాలమ్మ.

“నగుతాండాడులే.”

ముత్యాలమ్మ దీనికి ఒప్పుకున్నది నక్షత్రాల కోసం కాదు. కదిరిలో ఆమె, ఆమె భర్త కుళ్లాయప్ప బొరుగుల బట్టీ నడుపుతారు. ఏళ్ల తరబడి కాగే ఇసుక ముందు కూర్చుని ఆమె ఎడమ కన్ను పాలు పోసినట్టు తెల్లబడింది. కుడి కన్నూ మసకేస్తోంది. సుంకులమ్మ భర్త పోయినప్పటి నుంచి నక్షత్రశాలలో వంట చేస్తూ అక్కడే ఉంటోంది. రక్తం పంచుకున్న ఇద్దరి కళ్లలో మాత్రమే ఈ పొర బతుకుతుందనీ, బతికితే పోయిన చూపు తిరిగొస్తుందనీ నరహరి భోజనాల దగ్గర ఎవరితోనో అంటుంటే విన్నది. సాంబారు గిన్నె కింద పెట్టి, “నా కన్ను తీసి మా చెల్లెలికి పెట్టండి సార్, నాకు ఒకటి చాలు” అంది. కన్ను తీయక్కర్లేదు, ముక్క చాలు అన్నాడు ఆయన. నెల తిరిగేసరికి ముత్యాలమ్మ సూదిలో దారం ఎక్కించింది.

మరునాడు నరహరి సుంకులమ్మను వెంటబెట్టుకుని కొలత సంగతి చెప్పడానికి బట్టీకి వచ్చాడు. కుళ్లాయప్ప ఆయనకు వేడి బొరుగులు పొట్లం కట్టి ఇచ్చాడు.

“సూర్యుడున్న చోట ఆరుద్రను పెడితే భూమి దాని పొట్టలో ఉంటుందండీ. గురుగ్రహం దగ్గరదాకా వస్తుంది” అన్నాడు నరహరి.

“ఇంతకన్నా పెద్దవి ఉండాయా సార్?” అని అడిగింది ముత్యాలమ్మ. జల్లెడ పట్టిన చేతులు ఆగిపోయాయి.

“డాలు ఆకారంలో ఒక నక్షత్రాల గుంపు ఉంది. అందులో ఒకటి ఉందంటారు. వాళ్లు చెప్పేది నిజమైతే అది శనిగ్రహాన్ని కూడా మింగుతుంది.”

“శనిని మింగేస్తాదా?” కుళ్లాయప్ప గరిట ఎత్తిపట్టుకుని ఆగాడు. “అయితే దాన్ని తెచ్చి మా ఇంటి పైన పెట్టు సార్. ఏలిననాటి శని పట్టింది, దిగేటట్టే లేదు.”

“నీకు పట్టిన శని నేనేలే. నన్నే మింగల్ల అది.”

“నిన్ను మింగితే దానికి అరగదు. వదినా, చెప్పు నీ చెల్లెలికి.”

సుంకులమ్మ నవ్వుతూ చెల్లెలి వెనక కూర్చుని జడ విప్పింది. దువ్వెన పెట్టబోయింది. ఇద్దరి ఎడమ కళ్లూ ఒకేసారి భగ్గున మండి మూసుకుపోయాయి. బట్టీలోని ఇసుక ఎగిరి పడిందనుకున్నారు. నీళ్లతో కడుక్కున్నారు. సుంకులమ్మ లేచి గుమ్మం దగ్గరికి పోగానే మంట తగ్గింది. తిరిగి దగ్గరికి వస్తే మళ్లీ మొదలయింది. ఆ రోజు ముత్యాలమ్మ తన జడ తానే వేసుకుంది.

నరహరి ఇద్దరి కళ్లూ పరీక్ష చేయించాడు. పొర సగాలు రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. దగ్గరికి వస్తే అతుక్కోవాలని లాగుతున్నాయి. కలిసి ఒక నక్షత్రాన్ని చూసేకొద్దీ ఆ లాగుడు ఇంకా దూరం నుంచి పనిచేస్తుందేమోనని కంటి డాక్టరు అనుమానపడ్డాడు.

“ఇక్కడితో ఆపేద్దామండీ” అన్నాడు నరహరి. గొంతులో ఆపాలన్న ఇష్టం లేదు. అయినా అన్నాడు.

ముత్యాలమ్మ ఒప్పుకోలేదు. “ఇసుక జల్లించి జల్లించి ఇంతదాన్నయినా సార్. గురుగ్రహం దాకా ఉండే దాన్ని నా కంటితో కొలిచినానంటే నాకే నమ్మబుద్ధి కాలే. ఆ డాలు గుంపులోది ఒక్కటి చూసేస్తా. గది అవతల కూర్చోని మాట్లాడుకుంటాం, ఏమయితాది? ఏమక్కా?”

సుంకులమ్మ గది అవతల నుంచి చెల్లెలి ముఖం చూసింది. పెళ్లిలో కూడా దానికి అంత వెలుగు లేదు. “సరేలే” అంది.

వానలు వెనకబట్టాక ఆకాశం తేటపడింది. ఆ నక్షత్రం ఆరుద్రకన్నా చాలా దూరంలో ఉంది కాబట్టి చారలు చెరగాలంటే పీటల దూరం చాలలేదు. కొండ రోడ్డు పై మలుపులో సుంకులమ్మ, కింద మలుపుల్లో ఒకదాని తర్వాత ఒకటిగా ముత్యాలమ్మ కూర్చున్నారు. కుళ్లాయప్ప ఆటోలో టెలిస్కోపు పెట్టుకుని భార్యను ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు దింపుతూ పోయాడు. చివరికి చారలు చెరిగాయి. లెక్క వేస్తే అది నిజంగానే శనిని మింగేంత ఉంది. అప్పటికి తెలిసినవాటిలో అంత పెద్దది లేదని నరహరి ఫోనులో ఎవరెవరికో చెప్పాడు. పేపరువాళ్లు వచ్చారు. అక్కాచెల్లెళ్లు పక్కపక్కన నిలబడలేరు కాబట్టి ఇద్దరికీ విడివిడిగా ఫొటోలు తీసి అతికించి వేశారు. ఆ ఫొటోలో సుంకులమ్మ చెయ్యి చెల్లెలి భుజం మీద ఉన్నట్టే ఉంటుంది.

కొలత సరిచూసుకోవాలని తర్వాతి నెల మళ్లీ చూశారు. వెడల్పు తక్కువ వచ్చింది. ఇంకో నెల ఆగి చూస్తే మొదటిదానికన్నా ఎక్కువ వచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో వెతికి వెతికి, చివరికి తప్పేమీ లేదని తేల్చుకున్నాడు నరహరి.

“అది ఉబ్బుతుంది, తగ్గుతుంది. పైగా దానికి గట్టి అంచు లేదండీ. పొయ్యి మీది పొగలాగా పలచబడుతూ పోతుంది. ఇదిగో ఇక్కడ అయిపోయింది అని చెప్పడానికి లేదు.”

“మేం కొలిచింది అబద్ధమా సార్?” ఫోనులో అడిగింది ముత్యాలమ్మ. అప్పటికి వాళ్లు మాట్లాడుకునేది ఫోనులోనే.

“ఆ సాయంత్రానికి నిజమేనండీ.”



ఆ మూడు చూపులతో లాగుడు ఊరు దాటింది. సుంకులమ్మ కొండ మీద, ముత్యాలమ్మ కదిరిలో ఉన్నా ఇద్దరి కళ్లూ తెరవలేనంతగా మండేవి. టెలిస్కోపులకు గుడ్డలు కప్పారు. ఇక పెరగలేదు. తగ్గనూ లేదు. పొరను తీసేయడానికి లేకుండా దాని వేర్లు కుడి కంటిదాకా పాకాయి. ఒకరి పొరను చంపితే రెండోదీ ఆ క్షణమే చస్తుంది, చస్తూ చుట్టూ ఉన్నదాన్ని చింపుతుంది. చంపకపోయినా, దగ్గరగా ఉంటే ఇద్దరి నాలుగు కళ్లూ పోతాయని కంటి డాక్టరు తేల్చి చెప్పాడు. నరహరి ఎక్కడెక్కడో అడిగి, సముద్రం పక్కన బాపట్లలో ఒక హాస్టలులో సుంకులమ్మకు వంటపని చూశాడు. ఆమె రైలెక్కే రోజు ముత్యాలమ్మ స్టేషనుకు రాలేదు. రాకూడదు.

రోజూ ఫోను చేసుకునేవాళ్లు. “ఈడ చింతపండు వేయనిదే కూరే లేదంటారే” అని అక్క, “ఈయప్ప నిద్దట్లో గూడా బేరమాడతాడు” అని చెల్లెలు. కుళ్లాయప్ప మధ్యలో ఫోను లాక్కుని, “వదినా, సముద్రం కొలిచినావా?” అని అడిగేవాడు.

ఒక మధ్యాహ్నం కుళ్లాయప్ప బట్టీ దగ్గర గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

సుంకులమ్మ ఆ వార్త హాస్టలు వంటగదిలో విన్నది. పొయ్యి ఆర్పి, నేల మీద కూర్చుంది. ఏడవడానికి కూడా పక్కన కుళ్లాయప్ప ఎవరో తెలిసినవాళ్లు లేరు.

దినాలు గడిచాక కదిరి నుంచి గంగమ్మ ఫోను చేసింది. కుళ్లాయప్పకు పెద్దమ్మ. నోరు పెద్దది, మనసు మంచిది.

“సుంకులూ, నేనే, గంగత్తను. మెట్టెలు తీసినాం బిడ్డా. ముసుగేసుకోని గదిలో కూర్చుండాది.”

సుంకులమ్మకు తర్వాతి మాట తెలుసు. మెట్టెలు తీసిన ఆడమనిషి ముఖాన్ని మొదట చూడాల్సింది పుట్టింటివాళ్లు. వాళ్లు తెచ్చిన చీర కప్పి, ముసుగెత్తి చూశాకే ఆమె గది దాటి రావాలి. కుళ్లాయప్ప వాళ్ల ఇళ్లలో అది పద్ధతి. ముత్యాలమ్మకు పుట్టింటివాళ్లంటే సుంకులమ్మ ఒక్కతే.

“నువ్వు రాలేవని నాకు తెలీదా? నేనే చూస్తానే, నేనూ మొగుడు పోయినదాన్నే గదా, ఏం కాదులే అన్నా. ముసుగు ముట్టుకోనీలే. ఫోనులో మీ యక్కను చూపిస్తామని వీధి పిల్లోళ్లు చెప్పిరి. దానికీ లే. కూడు లే, నీళ్లు లే. అట్లనే కూర్చుండాది.”

“నన్ను రమ్మంటాందా అత్తా?”

“రమ్మనదు. రావద్దనీ అనదు. అదే గదా నా బాధ.”

“దాని చెవి కాడ పెట్టు ఫోను.”

కాసేపు గాలి చప్పుడు వినిపించింది. తర్వాత ఊపిరి.

“ముత్తూ.”

“తిన్నావా అక్కా?”

ఆ గొంతు వినగానే సుంకులమ్మకు చెప్పాలనుకున్నవన్నీ పోయాయి. “నేనొస్తే ఇద్దరి కండ్లూ పోతాయే. తెలుసు గదా నీకు?” అంది.

 గది బయట ఎవరో బిందె దించిన శబ్దం అయింది.

“చీర యే రంగుది అక్కా?”

సుంకులమ్మ గోడకు ఆనుకుంది. “వంకాయ రంగుది తెస్తా. తెల్లది తేను” అంది.

ఆ వెంటనే నరహరికి ఫోను చేసింది. ఆయన అన్నీ విన్నాడు.

“నా కండ్లు ముందే పీకేసుకోని పోతే సార్?”

“ఆ క్షణమే ఆవిడవీ పోతాయండీ.”

“గంతలు కట్టుకుంటే?”

“వెలుగుతో పని లేదండీ దానికి. దూరంతోనే పని.”

“గమ్మున చీర కప్పి, ముఖం చూసి, బయటికొచ్చేస్తే? ఎంతసేపుండొచ్చు?”

“లెక్క కట్టలేను. మీరు వెళ్లకూడదండీ.” ఆయనే మళ్లీ అన్నాడు. “ధర్మవరం స్టేషను దగ్గర జీపు పెట్టుకుని ఉంటాను.”

గుంతకల్లు దాటుతుండగా కళ్లలో నీళ్లు మొదలయ్యాయి. ధర్మవరంలో దిగేటప్పటికి మెట్లు రెండేసిగా కనిపిస్తున్నాయి. నరహరి ఆమె చెయ్యి పట్టుకుని జీపు ఎక్కించాడు.  దారిలో ఒకసారి ఆయన, “ఆరుద్రతో ఆపి ఉండాల్సింది” అన్నాడు. సుంకులమ్మ చీర పొట్లాన్ని కళ్లకు అదుముకుని ఉంది.  కాగే ఇసుకను ఎవరో కళ్ల వెనక నుంచి గరిటతో తోడుతున్నట్టుంది.

చెల్లెలి వీధిలో జీపు ఆగింది. పుట్టింటి చీర వచ్చిందని తెలిసి ఆ వీధిలోని ముత్తయిదువలందరూ ముఖాలు గోడల వైపుకు తిప్పుకుని నిలబడ్డారు. అదీ పద్ధతే. సుంకులమ్మ వరసగా వీపులూ జడలూ చూసుకుంటూ నడిచి ఇంట్లోకి వెళ్లింది. గంగమ్మ ఏడుస్తూ తలుపు తీసింది.

గది మూలన తెల్లటి గుడ్డ కింద చిన్న కుప్పలాగా ముత్యాలమ్మ ఉంది. ఒళ్లంతా వణుకుతోంది. మంట ఆమెకూ అంతే ఉంది, అయినా మూలుగు లేదు.

సుంకులమ్మ మోకాళ్ల మీద కూర్చుని చీర మడత విప్పి ఆమెకు కప్పింది. ముసుగెత్తింది.

చెల్లెలు కళ్లు తెరిచి ఆమెనే చూస్తోంది. బొట్టు చెరిపిన చోట చర్మం లేతగా ఉంది. పెదవులు ఎండిపోయాయి. ఆ ముఖం మీదికే ఇంకో ముఖం వచ్చి పడింది. అది తన ముఖమేనని సుంకులమ్మకు తెలియడానికి ఒక క్షణం పట్టింది. ముత్యాలమ్మ చూస్తున్నది తన కంట్లోనూ పడుతోంది. రెండు ముఖాలూ ఒకటే ముఖం అయ్యాయి. దాని మీద నల్లటి చారలు. నక్షత్రాల మీద సన్నగా కనిపించిన చారలు ఇంత దగ్గరలో జానెడు వెడల్పున ఉన్నాయి. చూస్తుండగానే అవి ఇంకా వెడల్పయి, ఒకదానితో ఒకటి కలిసి, ఒక్కటే చార అయ్యాయి. ముఖం దాని వెనక్కి పోయింది. గది పోయింది.

“చూసినావా అక్కా?”

“చూసినానే. చూసినా.”

“నాకు పోయినాయి.”

“నాకూ పోయినాయి.”

ఇద్దరూ ఒకర్నొకరు తడుముకుని పట్టుకున్నారు. ఇక పోగొట్టుకునేందుకు ఏమీ లేదు కాబట్టి ఇప్పుడు పక్కన కూర్చోవచ్చుననుకుంది సుంకులమ్మ. ఆ ఒక్క లాభం ఉందని రైల్లోనే అనుకుంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. “ఇంగ పోనులేవే. ఈడ్నే ఉంటా” అని చెల్లెలి తల ఒళ్లోకి తీసుకుంది.

మంట ఆగలేదు. కళ్లు దాటి నుదుటి లోపలికి పోయింది. ముత్యాలమ్మ ఒళ్లు విల్లులాగా వంగింది. పళ్లు గిట్టకరుచుకుపోయాయి. గంగమ్మ కేకలు విని నరహరి లోపలికి పరుగెత్తాడు.

“వదలండి సుంకులమ్మగారూ! దూరం జరగండి!”

“కండ్లు పోయినాక గూడా వదల్దా సార్ ఇది?”

“తెగిన ముక్కలు ఇంకా బతికే ఉన్నాయండీ. మెదడు దాకా లాగుతాయి. ఆవిడ ప్రాణం పోతుంది, రండి!”

సుంకులమ్మ వేళ్లను చెల్లెలి చీర నుంచి ఒక్కొక్కటిగా గంగమ్మే విడదీసింది.

జీపు కదిరి దాటింది. సుంకులమ్మ ముందు సీట్లో కళ్లకు కట్టుతో కూర్చుని ఉంది. ఇంటి నుంచి ఫోను వచ్చింది. ముత్యాలమ్మకు తెలివి వచ్చిందనీ, గంజి రెండు గుక్కలు తాగిందనీ, గది బయటికి తెచ్చి కూర్చోబెట్టామనీ గంగమ్మ చెప్పింది. ఇక తన దగ్గరే ఉంటుందిలే అంది.

దూరం పెరిగేకొద్దీ నొప్పి తగ్గుతోంది. నరహరి మాటిమాటికీ అడుగుతున్నాడు.

“ఇప్పుడెట్లా ఉందండీ?”

“తలంతా ఉండాది.”

ముదిగుబ్బ దాకా పోయారు.

“ఇప్పుడు?”

“కండ్ల కాడికొచ్చింది.”

కాస్త దూరం పోయాక ఆమె చెయ్యి చాచి ఆయన చొక్కా పట్టుకుంది. “ఆపు సార్. ఇది యే ఊరు?”

“ఊరు కాదండీ. రోడ్డు. ఒక టీ కొట్టు, వెనకాల నాలుగిళ్లు ఉన్నాయి. నొప్పి పోయిందా?”

“పోలేదు. ఓర్చుకోవచ్చు.”

“ధర్మవరం దాటితే చాలావరకు పోతుందండీ. బాపట్లలో అసలు ఉండదు. అక్కడ మిమ్మల్ని చూసుకునే మనుషుల్ని పెడతాను. అంతా మాట్లాడాను.”

“నొప్పి అసలు లేకుండా పోయేదాకా పోతే, ముత్తు యాడుందో నాకెట్ల తెలుస్తాది?”

నరహరి జీపును రోడ్డు వారకు తీశాడు.

“దించు సార్. ఈ నాలుగిండ్లలో అడుగు, ఎవురన్నా ఒక గది ఇస్తారేమో.”

ఆయన ఇంజను ఆపాడు. సుంకులమ్మ తలుపు తడుముకుని తీసుకుని, కాలితో నేల వెతుక్కుంటూ దిగింది. లారీ ఒకటి పక్కనుంచి పోయింది. ఆమె తలను నెమ్మదిగా ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు తిప్పింది. ఏ వైపున నొప్పి ఎక్కువైందో ఆ వైపుకు ముఖం పెట్టి నిలబడింది.